బాంబా, పిడుగా, మేస్త్రీ కాలా?

ఇల్లు కట్టేవాళ్ళకీ కట్టించుకునేవాళ్ళకీ వచ్చే సందేహాల శీర్షిక ఇది. మామూలుగా వచ్చే ఉత్తరాలు స్లాబు కారుతోందనీ, గోడ చెమ్మగిల్లుతోందనీ, బోరునీళ్ళ ఉప్పుకి ప్లాస్టరు రాలుతోందనీ. గత నెల రాజాం పాఠకుడొకరు అమెరికా మేడ గురించి అడిగితే "మంట వల్లే" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను. అది చాల్లేదన్నారు. చాల్లేదని చెప్పడానికి ఇంతమంది రాస్తారనుకోలేదు. అంచేత ఈసారి స్లాబులూ చెమ్మా పక్కనపెట్టి, కూలిన మేడల గురించే.

ప్రశ్న: అయ్యా, నేను కిరాణా వ్యాపారిని. రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర టీకొట్లో మా బావమరిదితో ఒకటే వాదన. 2001లో అమెరికాలో విమానాలు గుద్దింది న్యూయార్కు వరల్డ్ ట్రేడ్ సెంటర్ రెండు టవర్లనే. మరి అదే రోజు పక్కనున్న ఏడో నంబరు మేడ విమానం తగలకుండానే ఎందుకు కూలింది? ముందే బాంబులు అమర్చారంటాడు. మీ జవాబు చూపిస్తే నవ్వాడు. "మంటకి ఇనుము కరిగిపోతాదేటి? మీ ఇంజినీరు బాబు ఎప్పుడైనా కొలిమి చూసినాడా?" అన్నాడు. వెయ్యి రూపాయల పందెం ఉంది. వివరంగా రాయండి.
— రాజాం

జవాబు: పందేలకి నేను పూచీ కాను. కానీ మీ బావమరిది అడిగింది వెర్రి ప్రశ్న కాదు. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. 47 అంతస్తుల మేడ, దాదాపు 186 మీటర్ల ఎత్తు, ఎవరో కింద తలుపు తీసినట్టు నిలువునా దిగిపోయింది.

కొలిమి చూశాను. గజపతినగరం దగ్గర పల్లెలో మా వీధి చివరే ఉండేది. బండిచక్రానికి ఇనపపట్టా ఎక్కించే రోజున బడి ఎగ్గొట్టి మరీ చూసేవాణ్ణి. పట్టాని చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగానే చేస్తాడు కమ్మరి. దాన్ని నేలమీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి, నిప్పు పెడతాడు. పట్టా ఎర్రబారేసరికి సాగుతుంది. ఇద్దరు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దింపి, సుత్తితో నాలుగు తట్లు తట్టి, బిందెడు నీళ్ళు గుమ్మరిస్తే బుస్సుమని పొగ లేచి, పట్టా బిగుసుకుని, చక్రం ఆకులు కిర్రుమని మూలిగేవి. ఇందులో ఎక్కడా ఇనుము కరగలేదు. కరిగితే మా కమ్మరి కొంప మునిగేది. పిడకల మంటకే ఇనుము సాగింది, మెత్తబడింది. అంతే.

ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి, మీ బావమరిది మాట నిజమే. విమానం ఇంధనమైనా, ఆఫీసుల్లో కుర్చీలూ కాగితాలూ అయినా ఆ వేడి ఇవ్వలేవు, వెయ్యి డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, అదీ నిజమే. కానీ 600 డిగ్రీల దగ్గరే ఉక్కు బలం సుమారుగా సగానికి పడిపోతుంది. కరగలేదు కదా, ఇంకా ఉక్కే కదా అని సగం బలంతో అంత మేడనీ మొయ్యమంటే మోస్తుందా?

ఇప్పుడు ఆ రోజు సంగతి. మన గడియారం ప్రకారం సెప్టెంబరు 11 సాయంత్రం 6:16కి మొదటి విమానం ఉత్తర టవరుని, 6:33కి రెండోది దక్షిణ టవరుని గుద్దాయి. ఒక్కోటి 110 అంతస్తులు. వెనక దెబ్బ తిన్న దక్షిణ టవరే ముందు పడింది, 56 నిమిషాల్లో. ముందు దెబ్బ తిన్న ఉత్తర టవరు 102 నిమిషాలు నిలబడింది. ఇదేదో తిరకాసులా ఉందని చాలామంది అంటారు. దక్షిణ టవరుకి దెబ్బ 77, 85 అంతస్తుల మధ్య తగిలింది. ఉత్తర టవరుకి ఇంకా పైన, 93, 99 మధ్య. నెత్తిన ఒక బస్తా ఉన్నవాడి మోకాలు మీద కొట్టడం వేరు, మూడు బస్తాలున్నవాడి మోకాలు మీద కొట్టడం వేరు.

ఉత్తర టవరు కూలుతూ విసిరిన శకలాలు ఏడో నంబరు మేడ దక్షిణపు ముఖాన్ని చీల్చి, లోపల కనీసం పది అంతస్తుల్లో నిప్పంటించాయి. టవర్ల దెబ్బకి నేలలోని నీటి గొట్టాలు పగిలాయి. ఆ మేడలో కింది 20 అంతస్తుల్లో మంటలార్పడానికి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఊరి గొట్టాల నీళ్ళ మీదే ఆధారం. నీళ్ళు లేవు, మంట ఉంది. ఏడు గంటలపాటు అలా ఒక అంతస్తులో ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకుతూ కాలింది. వాళ్ళ సాయంత్రం 5:20కి కూలింది. మనకి అప్పుడు తెల్లవారుజామున 2:50. మనమంతా టీవీ కట్టేసి పడుకున్నాం. రెండు టవర్లని కళ్ళారా చూశాం, మూడోదాన్ని చూళ్ళేదు. ఇన్నేళ్ళకి ఫోన్లో చూస్తే "మన దగ్గర దాచీసినారు" అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఎలా కూలిందంటారా? అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ, ఎన్‌ఐఎస్‌టీ అంటారు, 2002లో దర్యాప్తు మొదలుపెట్టి 2008 నవంబరులో నివేదిక ఇచ్చింది. ఆ మేడ తూర్పు భాగంలో అంతస్తులు మోసే ఉక్కు దూలాలు పొడుగు, సుమారు 16 మీటర్లు. కాగితం తీసుకుని మీరే లెక్కగట్టండి: ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడుగులో లక్షకి 1.2 వంతు సాగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే 16 మీటర్ల దూలం దాదాపు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. మీ అరచెయ్యి వెడల్పు. బండిపట్టాకి సాగడానికి ఖాళీ ఉంది. ఇక్కడ లేదు. సాగిన దూలాలు ఎదురుగా ఉన్న పెద్ద దూలాన్ని పక్కకి నెట్టాయి. ఆ పెద్ద దూలం 79వ నంబరు స్తంభం మీద చిన్న ఉక్కుపీట మీద కూర్చుని ఉంది. నెడుతూ నెడుతూ ఉంటే పీట మీంచి జారింది. ఇది జరిగిన 13వ అంతస్తు నేల కిందపడి, దాని కిందివాటిని కూడా లాక్కుపోయింది. 79వ స్తంభానికి చుట్టూ పట్టి ఉంచే ఆసరా తొమ్మిది అంతస్తుల మేర పోయింది. పెళ్ళిపందిరి రాటకి అడ్డకర్రలు కట్టినంతసేపూ నిలబడుతుంది, అడ్డకర్రలు కోసేస్తే నడిమికి వంగుతుంది. ఆ స్తంభమూ అలాగే వంగింది.

నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళకి నేను ఒకటే చెప్పేవాణ్ణి: ఏదైనా కూలితే "ఎవడు చేశాడు" అని అడక్కండి, "ముందు ఏది కదిలింది" అని అడగండి. ఏడో నంబరు మేడ పైన, తూర్పువైపు, యంత్రాలుండే గదిలాంటి కట్టడం ఒకటుంది. సరిగ్గా 79వ స్తంభం ఉన్న వైపే. పూర్తి వీడియోలో మేడ కదలడానికి ఆరేడు సెకన్ల ముందు ఆ గది ఒక్కటీ లోపలికి దిగబడిపోవడం కనిపిస్తుంది. మేడ బయటి గోడలు మాత్రం ఇంకా చెక్కుచెదరకుండా నిలబడి ఉంటాయి. అంటే లోపల పేగులు తెగిపోయాయి, చర్మం ఇంకా నిలబడి ఉంది. మీ బావమరిది ఫోన్లో ఉన్న ముక్క ఎక్కడ మొదలవుతోందో ఒకసారి చూడండి. ఆ గది దిగబడింది ఉందా, కత్తిరించేశారా? పందెం డబ్బుల సంగతి దాన్నిబట్టి తేల్చుకోండి.

ప్రశ్న: సర్, సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆ మేడ 2.25 సెకన్లపాటు పూర్తి స్వేచ్ఛాపతనంలో పడిందని ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది కదా. కింద ఏ అడ్డూ లేకపోతేనే కదా అలా పడేది? స్తంభాలన్నీ ఒకేసారి ఎవరో కోసేశారన్నట్టే కదా?
— విజయనగరం

జవాబు: చూశావా అమ్మా, ఇది చదువుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా "కుట్రవాదులు పిచ్చోళ్ళు" అని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు గిట్టదు.

ఎన్‌ఐఎస్‌టీ 2008 ఆగస్టులో ముసాయిదా ఇచ్చినప్పుడు, పైనుంచి 18 అంతస్తుల మేర దిగడానికి 5.4 సెకన్లు పట్టిందనీ, అది స్వేచ్ఛాపతనం కంటే 40 శాతం ఎక్కువనీ రాసింది. డేవిడ్ చాండ్లర్ అనే ఫిజిక్సు మాస్టారు వీడియోని ఫ్రేము ఫ్రేముగా కొలిచి, మధ్యలో కొంతసేపు అది స్వేచ్ఛాపతనమే కదా అని నిలదీశాడు. ఆయన బాంబువాదం వైపు మనిషి. అయినా ఆ కొలత సరైనదే. నవంబరులో వచ్చిన తుది నివేదికలో ఎన్‌ఐఎస్‌టీ దాన్ని మూడు దశలుగా విడగొట్టింది: మొదట 1.75 సెకన్లు మెల్లగా, తర్వాత 2.25 సెకన్లు స్వేచ్ఛాపతనం, సుమారు ఎనిమిది అంతస్తుల మేర, ఆ తర్వాత మళ్ళీ నెమ్మదించడం. పెద్దసంస్థ చేత ఒక మాస్టారు తప్పు దిద్దించాడు. నాకైతే ముచ్చటేసింది.

కానీ ఆ కొలత దేన్ని రుజువు చేస్తుంది? ఆ క్షణానికి బయటి గోడల స్తంభాలు బరువు మొయ్యడం మానేశాయని. ఎందుకు మానేశాయో అది చెప్పదు. లోపలి భాగం అప్పటికే తూర్పు నుంచి పడమరకి వరసగా కూలిపోయింది. మొత్తం బరువు బయటి స్తంభాల మీద పడింది. అవి కింది ఎనిమిది అంతస్తుల మేర మోకాళ్ళు మడిచినట్టు మడతపడ్డాయి. ఒకసారి మడతపడిన స్తంభం ఎంత అడ్డు ఇస్తుందో నీ ల్యాబులోనే చూడొచ్చు. పలచని స్టీలుస్కేలు టేబులు మీద నిలబెట్టి పైన వేలితో నొక్కు. వంగేవరకూ ఎదురుతిరుగుతుంది. వంగాక దాని పొగరంతా పోతుంది. మొదటి 1.75 సెకన్ల నెమ్మది ఆ వంగడానిదే. బాంబులతో ఒక్కసారిగా కోసేసి ఉంటే ఆ నెమ్మది ఎందుకుంటుంది?

అలాస్కా విశ్వవిద్యాలయంలో లెరాయ్ హల్సీ బృందం 2020లో ఇచ్చిన నివేదిక కూడా చదువు. మంట వల్ల కాదు, స్తంభాలన్నీ దాదాపు ఒకేసారి విఫలమయ్యాయి అంటుంది. దానికి డబ్బు పెట్టింది బాంబువాదాన్ని నమ్మే ఇంజినీర్ల సంఘమే. ఆ ఒక్క కారణంతో తోసెయ్యక్కర్లేదు, లెక్కలు చూడాలి. ఎన్‌ఐఎస్‌టీ దగ్గరా లోటుంది. ఆ మేడ ఉక్కు ముక్కల్ని చాలావరకూ తుక్కుకింద తరలించేశాక వాళ్ళ దర్యాప్తు మొదలైంది. అందుకే కంప్యూటరు నమూనాల మీద ఆధారపడాల్సొచ్చింది. శవం దహనమయ్యాక పంచనామా చేసినట్టు. ఆ తొందరపాటే సగం అనుమానాలకి తల్లి.

ప్రశ్న: బీబీసీవాళ్ళు ఆ మేడ కూలకముందే కూలిపోయిందని టీవీలో చెప్పేశారు. ముందే తెలిసిందన్నమాటే కదా?
— పార్వతీపురం

జవాబు: ఇరవై నిమిషాలు ముందే చెప్పేశారు, నిజం. చెబుతున్నావిడ వెనక కిటికీలోంచి ఆ మేడ నిలబడి కనిపిస్తూనే ఉంది కూడా. ముందే తెలుసు, నిజమే, కానీ ఎవరికి? అగ్నిమాపకదళానికి. మధ్యాహ్నం నుంచే నైరుతి మూల మేడ ఉబ్బడం గమనించారు, లోపలినుంచి మూలుగులు విన్నారు, పడిపోతుందని చెప్పి చుట్టుపక్కల అందర్నీ ఖాళీ చేయించారు. అందుకే ఆ మేడ కింద ఒక్కరూ చనిపోలేదు. "పడిపోతుందట" అన్నది చేతులు మారుతూ మారుతూ "పడిపోయిందట" అయ్యింది. హుద్‌హుద్ తుపాను నాడు, 2014 అక్టోబరు 12, కరెంటూ ఫోన్లూ లేని ఆ రాత్రి మన ఊళ్ళో నిలబడి ఉన్న ఎన్నింటిని కూలిపోయాయన్నారో గుర్తుచేసుకోండి. మా వీధికి అందిన వార్త ప్రకారం గంటస్తంభం కూడా ఒరిగిపోయింది. తెల్లారి వెళ్ళి చూస్తే అది ఎక్కడిదక్కడే ఉంది.

బాంబులు పెట్టి మేడ కూల్చడం అంటే ఏమిటో చూడాలనుంటే అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. నోయిడా జంట టవర్లని 2022 ఆగస్టు 28న కూల్చారు. దాదాపు 3,700 కిలోల పేలుడు పదార్థం, నెలల తరబడి స్తంభాలకి వేల కన్నాలు, ప్రతి స్తంభానికీ ఇనపవల, పైన గుడ్డ, నేలంతా తీగలు. అదీ కాపురాల్లేని ఖాళీ మేడలో. వేలమంది రోజూ ఉద్యోగాలకి వచ్చే మేడలో ఈ పని ఎవరికీ కనబడకుండా చెయ్యాలి. తర్వాత శబ్దం. ఆ 79వ స్తంభం ఒక్కదాన్ని తెంపే చిన్న మందుగుండుకి కూడా అర మైలు దూరంలో 130 నుంచి 140 డెసిబెల్స్ మోత వినబడాలని ఎన్‌ఐఎస్‌టీ లెక్కగట్టింది. ఆ సాయంత్రం ఆ చుట్టూ కెమెరాలకి కొదవలేదు. ఏ కెమెరాలోనూ ఆ మోత లేదు.

ప్రశ్న: అయ్యగారూ, పేరు వెయ్యొద్దు. మా నాన్న చెన్నైలో 2014లో మేడ కూలి చనిపోయారు. పనికెళ్ళి మూడు నెలలే. పిడుగు పడి కూలిందని అప్పుడు మేడ కట్టినవాళ్ళు టీవీలో చెప్పారు. మా అమ్మ ఇప్పటికీ అదే నమ్ముతుంది. "దేవుడు చేసినదానికి ఎవరినంటాం" అంటుంది. ఇప్పుడు నాకు ఉద్యోగం వచ్చింది. పిడుగుకి అంత మేడ కూలుతుందా, ఎవరినైనా అడగాలనిపిస్తోంది.
— చీపురుపల్లి దగ్గర ఒక ఊరు

జవాబు: అమ్మా, ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మేడ నాకు తెలుసు. చూళ్ళేదు, కానీ ఆ వారమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్ళకి శవాలు రావడం చూశాను. మౌలివాక్కం, 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, వాన. కడుతున్న 11 అంతస్తుల మేడ. 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మనవాళ్ళే.

పిడుగుకి కూలదు. మన ఊళ్ళో పిడుగు పడ్డ కొబ్బరిచెట్టుని చూసే ఉంటావు. మొవ్వు మాడుతుంది, మాను నిలువునా చీలుతుంది. కాంక్రీటు మేడ మీద పడితే ఒక అంచు పగలొచ్చు, పిట్టగోడ ముక్క ఎగిరిపోవచ్చు. ఆ విద్యుత్తు లోపలి ఊచల వెంట నేలలోకి పోతుంది. 11 అంతస్తుల స్తంభాల్ని ఒక్కసారిగా తీసెయ్యలేదు. ఇంకొకటి. ఆ మేడకి పక్కనే జంట మేడ ఉంది, అదే వాన కింద. అది పడలేదు. అదీ భద్రం కాదని తేల్చి, 2016 నవంబరు 2న మందుగుండు పెట్టి అధికారులే పడగొట్టించారు.

జస్టిస్ రఘుపతి విచారణ సంఘం పిడుగుని కాదు, మేడ నిర్మాణంలోని లోపాల్నే తప్పుపట్టింది. స్తంభం ఎంత లావు ఉండాలి, అందులో ఎన్ని ఊచలు పడాలి, కింద నేల ఎంత మోస్తుంది అన్నవి ఆఫీసుల్లో కాగితం మీద తేలుతాయి. తట్ట మోసినవాడి చేతిలో తేలవు.

మీ అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఆవిడ నమ్మకం ఆవిడ రాత్రులు గడవడానికి పనికొస్తోంది. కానీ ఆ పిడుగు కథ పుట్టింది ఆవిడ కోసం కాదు. చెప్పేటట్టయితే ఒక్కమాట తప్పకుండా చెప్పు. మీ నాన్న గారు మోసిన పనిలో ఏ తప్పూ లేదు.

ప్రశ్న: మీరు జీవితమంతా సర్కారు జీతం తిన్నారు, అందుకే ప్రతిదానికీ నివేదికల మాటే చెబుతున్నారు. మీరు కట్టించింది ఏదైనా కూలిందా? కూలితే అప్పుడేం చెప్పారు? ధైర్యముంటే రాయండి.
— పేరు లేదు, శ్రీకాకుళం

జవాబు: కూలింది. రాస్తాను.

1983. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఏ శాఖో, ఏ ఊరో వద్దు. వంశధార అవతల ఒక పల్లెలో బడికి రెండు గదులు కట్టిస్తున్నాం. వరండావైపు పన్నెండు అడుగుల పొడుగు, రెండడుగుల ముందుకి సన్‌షేడ్. గోడలోంచి ఒక్క వైపే పట్టుకుని గాలిలో నిలబడే పలక అది. పైభాగం లాగుడుకి గురవుతుంది, అంచేత ఊచలు పైనే ఉండాలి. ఇది మేస్త్రీకి తెలుసు, నాకూ తెలుసు. ఉదయం ఊచలు కట్టినప్పుడు చూశాను, పైనే ఉన్నాయి, కిందనుంచి రాళ్ళముక్కలు పెట్టి లేపారు. చూసి, పని కొలతలు రాసుకునే ఎం-బుక్ మీద ప్రెసిడెంటు సంతకం కోసం ఏరు దాటి వెళ్ళాను. అక్కడ బెల్లం టీ ఇచ్చారు, చేపలకూర ఉంది తిని వెళ్ళమన్నారు. తిన్నాను.

నేను తిరిగొచ్చేసరికి కాంక్రీటు పోసెయ్యడం అయిపోయింది, పైన గోనెసంచులు కప్పి నీళ్ళు చల్లుతున్నారు. పధ్నాలుగో రోజు సెంట్రింగు విప్పారు. చివరి సరుగుడు కర్ర లాగేసరికి సన్‌షేడ్ మొత్తం తలుపురెక్కలా కిందికి మడిచింది. ఇసక జల్లెడ పడుతున్న ఒకావిడ పాదం నలిగింది.

సాయంత్రానికి ఊళ్ళో మూడు కథలు. గ్రామదేవతకి కోడిని కొయ్యకుండా పని మొదలెట్టారన్నది ఒకటి. సిమెంటు సగం ప్రెసిడెంటు ఇంటికి పోయిందన్నది రెండు. మూడోది గట్టిగా నిలబడింది. ఎన్నికల్లో ఓడిన వర్గంవాళ్ళు కాంక్రీటుకి ముందురోజు రాత్రి వచ్చి ఊచలు కోసేశారట. "ఆల్లే కోసీసినారు బాబూ, మా సినగుంటడు సూసినాడు" అని నలుగురు నాతో వచ్చి చెప్పారు. కాంక్రీటుకి ముందురోజు ఊచలు కోసేస్తే మర్నాడు ఉదయం నేను చూసినవి ఏమిటి? ఆ మాట నేను అడగలేదు.

చీకటిపడ్డాక టార్చిలైటూ సుత్తీ పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళి ఆ పలక విరగ్గొట్టి చూశాను. ఊచలు కోసి లేవు. అన్నీ ఉన్నాయి. అడుగున ఉన్నాయి. పైన మూడు వేళ్ళ మందం ఉత్త కాంక్రీటు, కిందవైపు ఊచల గీతలు చేప ముల్లులా పైకి తేలి కనిపిస్తున్నాయి. పరంజా పొట్టిదై అందక, మేస్త్రీ ఊచల మీదే నిలబడి కాంక్రీటు సర్దాడు. కాలు వేసిన ప్రతిచోటా ఊచ అడుక్కి దిగింది. లేపి పట్టుకోమని చెప్పాల్సినవాడు ఏరు అవతల చేపలకూర తింటున్నాడు.

మర్నాడు పెద్ద ఆఫీసరు వచ్చి "ఏం జరిగిందయ్యా" అన్నారు. "ఊళ్ళో పార్టీ గొడవలున్నాయి సార్" అన్నాను. అబద్ధం కాదు, గొడవలున్నాయి. ఆ ఒక్క వాక్యం చాలింది. ఓడిన వర్గం కుర్రాణ్ణి ఒకణ్ణి రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. నా మీద కాగితం రాలేదు. మేస్త్రీ నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత పదేళ్ళు ఎప్పుడు కలిసినా నాకు టీ డబ్బులు ఆయనే ఇచ్చేవాడు.

నలిగిన పాదమావిడకి ఆస్పత్రి ఖర్చు కంట్రాక్టరు ఇచ్చాడు. ఆ కుర్రాడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మీరు అడిగారు, రాశాను. పేరు లేకుండా అడిగారు కాబట్టి నేనూ ఊరి పేరు లేకుండా రాశాను.

ప్రశ్న: మా మేడమీద గదికి ఏసీ పెట్టిస్తున్నాం. బయట డబ్బా కిటికీపై సన్‌షేడ్ మీద కూర్చోబెడతామంటున్నాడు మెకానిక్కు. పెట్టొచ్చా?
— పాలకొండ

జవాబు: ముందు సన్‌షేడ్ పైభాగం నాచు గీకి, కడిగి, ఆరబెట్టి చూడండి. గోడకి ఆనుకునే చోట, గోడ పొడుగునా వెంట్రుకవాసి పగులున్నా సరే, డబ్బా మాట దేవుడెరుగు, పిల్లల్ని కూడా దాని కింద ఆడనివ్వకండి. కిందనుంచి చూసి సున్నం బాగానే ఉందనుకుంటే లాభం లేదు, ఆ పగులు పైనే వస్తుంది. పగులు లేకపోయినా నా మాట విని గోడకే ఇనప బ్రాకెట్లు కొట్టించండి. ఆ సన్‌షేడ్ పోసిన రోజున ఎవరు ఎక్కడ నిలబడ్డారో మీకు తెలీదు కదా.